పావు తక్కువ ఆరు దాకా

ఆ బుధవారం ఉదయం మాలకీ టార్పీ వేసుకున్న పథకం చాలా చిన్నది. ఓట్స్ గంజి తాగడం, పార్లమెంటుకు వెళ్ళడం, సాయంత్రం ఆరింటిదాకా నోరు తెరవకుండా కూర్చోవడం, తిరిగొచ్చి పడుకోవడం. లండన్‌కు వచ్చిన నాలుగు నెలలుగా అతను ఈ పథకాన్ని వీసమెత్తు తేడా లేకుండా అమలు చేస్తున్నాడు.

మాలకీ భయస్తుడు. ఐర్లండు పడమటి తీరంలో కారిగ్‌డూన్ అనే చిన్న రేవులో పడవలకు తాళ్ళు అమ్ముకునేవాడు. ఆ ఊరి సభ్యుడు హఠాత్తుగా పోతే, ఆయన చోట నిలబడడానికి ఎవరూ ముందుకు రాక, పార్టీవాళ్ళు వచ్చి ఇతన్ని అడిగారు. కాదంటే ఏమనుకుంటారోనని భయపడి సరేనన్నాడు. ఓటు వేయమంటే వేస్తాను, మాట్లాడమంటే మాత్రం మాట్లాడనని ఒకే ఒక్క షరతు పెట్టాడు. అతనికి గుర్రాలంటే భయం, తాను అద్దెకుండే ఇంటి యజమానురాలు మిసెస్ ప్రూట్ అంటే భయం, సభాధ్యక్షుడి తెల్ల విగ్గంటే మరీ భయం. అన్నిటికంటే పెద్ద భయం మాత్రం ఊళ్ళో ఉన్న అక్క డీలియా. తల్లి పోయాక అతన్ని పెంచి పెద్దచేసింది ఆవిడే.

వారం కిందట ఆ అక్క దగ్గరనుంచి ఉత్తరం వచ్చింది. కాగితం ఆదా చేయడానికి అందరూ చేసినట్టే ఆవిడా ముందు అడ్డంగా రాసి, తరువాత కాగితాన్ని పక్కకు తిప్పి, ఆ రాత మీదనే నిలువుగా రాసింది. అలా రెండు కాగితాలు. అంత రాసినా విషయం ఒక్కటే. సర్ ఆంబ్రోజ్ క్రాల్ అనే ఇంగ్లీషు దొర కారిగ్‌డూన్ పక్కన ఎస్టేటు కొన్నాడు. పోటుకూ ఆటుకూ మధ్య తేలే ఒడ్డు కూడా పక్క భూమి యజమానిదేనని, అక్కడ అడుగుపెట్టినవాళ్ళను జైల్లో వేయించవచ్చని చెప్పే బిల్లు ఒకటి తెచ్చాడు. కారిగ్‌డూన్‌లో నలభై ఇళ్ళవాళ్ళు ఆ ఒడ్డుకు కొట్టుకొచ్చే సముద్రపు నాచును ఏరి, ఎండబెట్టి, కాల్చి, ఆ బూడిద అమ్ముకుని బతుకుతున్నారు. డీలియా ఇల్లు వాటిలో ఒకటి. బిల్లు పాసైతే చలికాలానికి నలభై ఇళ్ళూ రోడ్డున పడతాయి. అదే జరిగితే ఇక మళ్ళీ ఈ గుమ్మం తొక్కవద్దని ఆవిడ తమ్ముడికి కబురు చేసింది.

ఆ బిల్లు సభకు వచ్చేది ఆ బుధవారమే. అయినా మాలకీ గంజి తాగగలిగాడంటే దానికి కారణం పై గదిలో ఉండే బార్నీ కాన్సిడైన్. ఆయన ఐర్లండు పక్షానికి పెట్టని కోట. ఒకసారి గడ్డివాముల పన్ను మీద, గుక్కెడు నీళ్ళయినా తాగకుండా నాలుగు గంటలు మాట్లాడాడు. ఇక బుధవారం సంగతి ఏమిటంటే, ఆ రోజు సరిగ్గా పావు తక్కువ ఆరుకు చర్చ ఆగిపోవాలి. ఆ క్షణానికి ఎవరో ఒకరు నిలబడి మాట్లాడుతూ ఉంటే ఓటు జరగదు. బిల్లు వెనక్కి వెళ్ళి వరుసలో చిట్టచివర నిలబడుతుంది, దాని వంతు మళ్ళీ వచ్చేలోగా సభాకాలమే అయిపోతుంది. కాబట్టి బిల్లును చంపడానికి తర్కం అక్కర్లేదు, గొంతు ఉంటే చాలు. గొంతు కాన్సిడైన్‌ది.

చిక్కల్లా ఆయన కాలితో వచ్చింది. కీళ్ళవాపు వల్ల ఆయన పట్టుకోవడానికి ఏదైనా లేకపోతే ఎక్కువసేపు నిలబడలేడు. వరుస చివర, చెక్క కమ్మీ ఉన్న మూల సీటే కావాలి. ఆ సీటు కావాలంటే మధ్యాహ్నం ప్రార్థన వేళకు వెళ్ళి దాని మీద టోపీ పెట్టాలి. టోపీ ఎవరిదో సీటు వారిది. ఇది ఆ సభలో రాజ్యాంగం కంటే గట్టి ఆచారం. మాట్లాడే రోజున కాన్సిడైన్ ఒంటిగంట దాకా నిద్ర లేవడు.

"నా టోపీ పెట్టుకుని నువ్వు పో మాలకీ," అన్నాడు ఆయన దుప్పట్లోంచే. "మూల సీటు మీద పెట్టెయ్. నీ టోపీ అయితే ఎవడైనా పక్కకి తోసేస్తాడు. నాది చూస్తే ముట్టుకోడు. నేను నీ టోపీ పెట్టుకుని మూడింటికల్లా వచ్చేస్తా."

కాన్సిడైన్ తల పెద్ద గుమ్మడికాయంత ఉంటుంది. మాలకీ తల మామూలు తలల్లోకెల్లా చిన్నది. నా టోపీ మీకు పడుతుందా అని అడుగుదామని మాలకీ నోరు తెరిచాడుగానీ, నిద్ర చెడగొడితే ఏమంటాడోనని మళ్ళీ మూసేశాడు. ఆ రోజు జరిగిన అనర్థమంతా అక్కడ మొదలైంది.

పెద్ద టోపీ మాలకీ ముక్కు దాకా దిగిపోయింది. లోపల పాత వార్తాపత్రిక మడిచి కుక్కాడు. చాలలేదు. జేబులో ఉన్న అక్క ఉత్తరంలో మొదటి కాగితాన్ని కూడా మడిచి పెడితే సరిపోయింది. రెండో కాగితాన్ని బల్ల సొరుగులో దాచి, బోర్లించిన పడవను మోసుకెళ్ళే పీతలా ఆ టోపీ కింద నడుచుకుంటూ వెళ్ళాడు.

సభలో అంతా సవ్యంగానే జరిగింది. మూల సీటు మీద టోపీ పెట్టాడు, ప్రార్థనలో అందరికంటే ఎక్కువసేపు కళ్ళు మూసుకున్నాడు. ఆ రోజు మొదటి బిల్లు, చనిపోయిన భార్య చెల్లెల్ని పెళ్ళి చేసుకోవచ్చా అన్నది. అది ఏటా వస్తుంది, ఏటా సభ కిటకిటలాడుతుంది, ఏటా ఓడిపోతుంది. దాని మీద పెద్దమనుషులు ఆవేశపడుతున్నంతసేపూ మాలకీ తలుపు వైపే చూస్తూ కూర్చున్నాడు.

మూడయింది. కాన్సిడైన్ రాలేదు. మూడున్నర అయింది. అప్పుడూ రాలేదు.  నాలుగింటికి ద్వారపాలకుడు ఒక చీటీ తెచ్చి హాన్రటీ చేతిలో పెట్టాడు. హాన్రటీ అంటే ఐర్లండు సభ్యులను దారిలో పెట్టే మనిషి. సన్నగా, నిటారుగా ఉంటాడు. నవ్వగా ఎవరూ చూడలేదు. మిగతా ఐర్లండు సభ్యులందరూ మాంచెస్టర్‌లో బహిరంగసభకు వెళ్ళడంతో, ఆ రోజు అక్కడున్నది ఆయన, మాలకీ, ఇద్దరే. చీటీ చదివి ఆయన మాలకీని వసారాలోకి లాక్కెళ్ళాడు.

జరిగింది ఇది. కాన్సిడైన్ మాలకీ టోపీ నెత్తిన పెట్టుకుని బయలుదేరాడు. అది ఆయన తల మీద చిన్న చెంబు బోర్లించినట్టు ఉంది. వంతెన మధ్యకు వచ్చేసరికి గాలికి ఎగిరి, గోడ అవతల దీపస్తంభానికి చిక్కుకుంది. టోపీ లేకుండా లండన్ వీధుల్లో నడవడమంటే పంచె లేకుండా నడవడమే. అందుకని ఆయన వాచిన కాలితోనే గోడ ఎక్కి చెయ్యి చాపాడు. అటుగా వస్తున్న పోలీసు, ఎవరో పెద్దమనిషి జీవితం మీద విరక్తి పుట్టి నదిలో దూకుతున్నాడనుకుని నడుం పట్టుకుని కిందికి లాగాడు. టోపీ నదిలో పడింది. కాన్సిడైన్ స్టేషన్‌లో పడ్డాడు. తాను పార్లమెంటు సభ్యుడినని ఆయన చెబుతున్నాడని, ఎవరైనా వచ్చి గుర్తుపట్టాలని, ఈలోగా ఆయన ఆపకుండా మాట్లాడుతూనే ఉన్నాడని, అదే తమకు ఎక్కువ అనుమానంగా ఉందని ఇన్‌స్పెక్టరు రాశాడు.

"నేను పరిగెత్తుకెళ్ళి తీసుకొస్తానండీ," అన్నాడు మాలకీ. జీవితంలో మొదటిసారి పోలీస్ స్టేషన్‌కు వెళ్ళాలని అతనికి ఆశ పుట్టింది.

"ఏం పెట్టుకుని వెళ్తావ్? నీ టోపీ థేమ్స్‌లో ఉంది. ఆయన టోపీ సీటు మీద ఉంది. అది తీస్తే సీటు పోతుంది. నేను వెళ్తే ఇక్కడ నువ్వొక్కడివే మిగుల్తావు." హాన్రటీ గడియారం చూశాడు. "ముందు నేను లేస్తాను. గొంతు ఉన్నంతసేపు లాగుతాను. ఒక మనిషి ఒక్కసారే మాట్లాడాలని రూలు. నేను కూర్చున్నాక నువ్వు లేవాలి."

"నేను మాట్లాడనని ముందే చెప్పానండీ."

"మీ అక్కగారితో కూడా అదే చెప్తావా?"

 హాన్రటీ మాలకీ కోటు గుండీ పట్టుకుని, చిన్నపిల్లాడికి పాఠం చెప్పినట్టు నెమ్మదిగా చెప్పాడు.

"పావు తక్కువ ఆరు దాకా నిలబడు. అంతే. వాళ్ళు కూర్చో కూర్చో అని అరుస్తారు, కూర్చోకు. బతిమాలతారు, కూర్చోకు. వెనకనుంచి కోటు లాగుతారు, నా గొంతుతో పిలుస్తారు, అలాంటివాళ్ళున్నారు ఇక్కడ. నేనే వచ్చి కూర్చోమన్నా కూర్చోకు. అర్థమైందా?"

అర్థమైందన్నట్టు మాలకీ తల ఊపాడు. 

పెళ్ళాం చెల్లెలి బిల్లు అలవాటు ప్రకారం ఓడిపోగానే సర్ ఆంబ్రోజ్ లేచాడు. ఆయన పొట్టిగా, గుండ్రంగా, ఇస్త్రీ చేసినట్టు ఉంటాడు. ఓట్లు చేతిలో ఉన్నాయన్న ధీమాతో పది నిమిషాల్లో ముగించి కూర్చున్నాడు. హాన్రటీ లేచాడు. తీరం అంటే ఏమిటి, పోటు అంటే ఏమిటి, పోటును ఎవరు ఎప్పుడు కొలిచారు, కొలిచినవాడు కాళ్ళు తడుపుకున్నాడా లేదా, ఇలా సాగదీశాడు. మాలకీకి ఒక్క ముక్కా చెవికెక్కలేదు. గోడ గడియారంలో పెద్దముల్లునే చూస్తున్నాడు. ఆ ముల్లు ఐదుకు చేరేలోగా భూకంపం వస్తే బాగుండునని అనుకున్నాడు. మళ్ళీ అది పాపమని భయపడి, చిన్న భూకంపం చాలునని సవరించుకున్నాడు. ఐదుకు ఐదు నిమిషాలు ఉందనగా హాన్రటీకి దగ్గు తెర వచ్చింది. దగ్గుతూనే మరో రెండు వాక్యాలు చెప్పి కూలబడ్డాడు.

మాలకీ లేచాడు. ఎలా లేచాడో అతనికే తెలియదు. చేతిలో కాన్సిడైన్ టోపీ ఉంది, దాన్ని రెండు చేతులా గుండెలకు అదుముకున్నాడు. ఎదురుగా నాలుగు వందల మీసాలు.

"అధ్యక్షా," అన్నాడు. తరువాత ఏమనాలో తోచక మళ్ళీ, "అధ్యక్షా," అన్నాడు.  అవతలి పక్కనుంచి ఎవరో వినపడడం లేదన్నారు. ఇంకెవరో, వినపడకపోవడమే మేలన్నారు. నవ్వులు రేగాయి. మాలకీ తల వంచేసరికి టోపీ లోపల మడిచిపెట్టిన కాగితం కనిపించింది. మునిగిపోయేవాడు తాడు పట్టుకున్నట్టు దాన్ని పట్టుకుని లాగి, కనిపించింది కనిపించినట్టు చదవడం మొదలుపెట్టాడు.

నైరుతి దిక్కునుంచి గాలులు. కెరటాలు మోస్తరుగా ఉండును. పడవలవారు జాగ్రత్త వహించవలెను.

సభాధ్యక్షుడు విగ్గు కిందనుంచి చూసి, గౌరవ సభ్యుడు చదువుతున్నదానికీ బిల్లుకూ సంబంధమేమిటని అడిగాడు. సముద్రమేనండి, అన్నాడు మాలకీ. అధ్యక్షుడు ఒక క్షణం ఆలోచించి, అది నిజమే గనక ఒప్పుకున్నాడు. కానీ దాని కింద జుట్టు ఊడకుండా చేసే నూనె ప్రకటన వచ్చింది. ఆ నూనెకూ సముద్రానికీ సంబంధం లేదు గనక వార్తాపత్రిక పక్కన పెట్టమన్నాడు. ఐదూ ఐదు అయింది. ఇక మిగిలింది అక్క ఉత్తరం. దాన్ని టోపీలోంచి తీసి, టోపీని వెనక సీటు మీద పెట్టాడు.

సభలో ఎవరు ఏం మాట్లాడినా అధ్యక్షుడితో మాట్లాడినట్టే మాట్లాడాలి. ఆ రూలు తప్పితే ఏం చేస్తారోనన్న భయంతో మాలకీ ప్రతి వాక్యానికీ ముందు అధ్యక్షా అని చేరుస్తూ వచ్చాడు.

"అధ్యక్షా, ఒరే మాలకీ. అధ్యక్షా, నువ్వక్కడ పెద్దవాళ్ళ మధ్య పిల్లిలా కూర్చుని ఉంటావని నాకు తెలుసు. అధ్యక్షా, చిన్నప్పుడు పెగ్గీ వాళ్ళ బాతు వెంటపడితే వచ్చి నా గౌను వెనక దాక్కున్నావు. ఇప్పుడు దాక్కోడానికి నేనక్కడ లేను."

సభ ఘొల్లుమంది. బాతుకూ బిల్లుకూ సంబంధమేమిటని అధ్యక్షుడు అడిగాడు. మాలకీ నిజం చెప్పడం తప్ప వేరే తెలివి లేనివాడు కాబట్టి, ఆ బాతు పెగ్గీది, పెగ్గీ నాచు ఏరే మనిషి, ఆవిడకు ఎడమ చెవి వినపడదు, వాళ్ళాయన పడవ మునిగి పోయాడు, నాచు ఏరకపోతే ఆవిడ ఏం తింటుందో తనకు తెలియదు, బాతునైతే తినలేదు, అది ఎప్పుడో చచ్చిపోయింది, అని వరసగా చెప్పుకుపోయాడు. ఉత్తరంలో ఒక్కో పేరు వచ్చినప్పుడల్లా అలాగే జరిగింది. మధ్యమధ్య అడ్డం రాత అయిపోయి నిలువు రాత వచ్చేది. అప్పుడు కాగితాన్ని తిప్పాలి, తిప్పితే వరస తప్పేది, వరస తప్పితే మళ్ళీ మొదటినుంచి వెతుక్కోవాలి.  గడియారానికి ఇంతకంటే గొప్ప సహాయం కాన్సిడైన్ కూడా చేసి ఉండడు.

అయితే పావుగంట గడిచాక నవ్వులు ఆగిపోయాయి.

"అధ్యక్షా, తెల్లారకముందే నడుంలోతు నీళ్ళలో దిగి లాగుతాం. చేతులు పగిలి ఉంటాయి కదా, ఉప్పునీళ్ళు తగిలితే నిప్పులా మండుతాయి. అయినా ఒడ్డు మనదన్న ధైర్యం ఉంటే ఆ మంట తెలీదురా. ఆ ధైర్యం కూడా తీసేస్తే ఇంక మంట ఒక్కటే మిగుల్తుంది."

ఆ వాక్యాన్ని మాలకీ రెండోసారి చదివాడు. అది వక్తృత్వం కాదు, అక్క చేతులు కళ్ళముందు కనబడ్డాయి. ఆ ఒక్క క్షణం అతనికి విగ్గు భయం కూడా లేదు. వెంటనే మళ్ళీ వచ్చింది.

"అధ్యక్షా, మన బూడిద గ్లాస్గోలో మక్‌ఫీ దొరగారి అయొడిన్ ఫ్యాక్టరీకి పోతుందట. మనది రాకపోతే ఆయన కొలిమి సగం చల్లారిపోతుందని ఏజెంటు చెప్పాడు."

సర్ ఆంబ్రోజ్ వెనక వరుసలో, స్నేహితుడికి ఓటు వేయడానికని వచ్చి కునుకు తీస్తున్న మక్‌ఫీ కళ్ళు తెరిచాడు. తన బూడిద ఎక్కడనుంచి వస్తుందో ఆయన ఎన్నడూ అడగలేదు. ఇప్పుడు ముందుకు వంగి సర్ ఆంబ్రోజ్ చెవిలో ఏదో అన్నాడు. సర్ ఆంబ్రోజ్ ఏదో అన్నాడు. మక్‌ఫీ మరికాస్త గట్టిగా అన్నాడు. ఆ వరుసలో ఉన్న స్కాట్లండు సభ్యులందరూ తలలు దగ్గరపెట్టారు. సర్ ఆంబ్రోజ్ ఆ తలలను లెక్కపెట్టుకున్నాడు, తాను ఓడిపోయినట్టేనని తెలిసింది. ఓటులో ఓడిపోయి నవ్వులపాలవడం కంటే బిల్లును తానే వెనక్కి తీసుకుంటే పరువు దక్కుతుందని తీర్మానించుకున్నాడు. అప్పటికి ఐదున్నర. వెనక్కి తీసుకుంటున్నానని చెప్పాలంటే ఆయన లేవాలి. ఆయన లేవాలంటే మాలకీ కూర్చోవాలి.

"గౌరవ సభ్యులు దయచేసి కూర్చోవాలి," అన్నాడు సర్ ఆంబ్రోజ్ సగం లేచి, చాలా మర్యాదగా.

హాన్రటీ చెప్పినట్టే మొదలైంది, అనుకున్నాడు మాలకీ.  ఉత్తరాన్ని ముఖానికి దగ్గరగా పెట్టుకుని గట్టిగా చదవసాగాడు. అవతలి పక్కవాళ్ళు కూర్చోమని అరిచారు. ఇవతలి పక్కవాళ్ళు కూర్చోమని బతిమాలారు. అరుస్తారన్నాడు, అరిచారు. బతిమాలతారన్నాడు, బతిమాలారు. అంతలో ఎవరో వెనకనుంచి కోటు లాగారు.

"టార్పీ, కూర్చో. మనం గెలిచాం. కూర్చోవయ్యా."

అచ్చం హాన్రటీ గొంతే. ఎంత బాగా అనుకరిస్తున్నారో చూశావా అనుకున్నాడు మాలకీ. కళ్ళు తిప్పి చూడలేదు. చూస్తే అచ్చం హాన్రటీ ముఖమే కనిపించినా కనిపిస్తుందని, అప్పుడు లొంగిపోతానేమోనని భయం. కోటు చిరిగింది. అతను మూల కమ్మీని గట్టిగా పట్టుకుని చదువుతూనే ఉన్నాడు. పావు తక్కువ ఆరుకు అర నిమిషం ఉందనగా కాగితంలో ఆఖరి వాక్యానికి వచ్చాడు.

"అధ్యక్షా, ఇక ఆ సర్ ఆంబ్రోజ్ దొర సంగతి. పోయిన వేసవిలో ఒక్కడే మా ఇంటికొచ్చినప్పుడు ఆయన ఏం చేశాడో నీకు తెలీదు కదా. చెప్తాను, విను."

అరుపులన్నీ చప్పున ఆగాయి. నాలుగు వందల మీసాలూ ముందుకు వంగాయి. గడియారం కొట్టింది. సభాధ్యక్షుడు లేచి, చర్చ వాయిదా పడిందని ప్రకటించాడు. మాలకీ కాన్సిడైన్ టోపీ మీద కూలబడ్డాడు. అది అప్పడంలా అయిపోయింది.

"ఆయన బిల్లు వెనక్కి తీసుకోబోయాడు," అన్నాడు హాన్రటీ. ఆయన చేతిలో ఇంకా మాలకీ కోటు తోక ఉంది. "నువ్వు కూర్చుని ఉంటే ఐదున్నరకే పీడ విరగడయ్యేది. ఇప్పుడది బతికే ఉంది."

"కోటు లాగింది మీరేనా?"

హాన్రటీ చిరిగిన తోకను అతని చేతిలో పెట్టాడు. 

అసలైన భయం మాలకీకి ఆ తరువాతి వారంలో తెలిసింది. బిల్లు వరుసలో చివరకు వెళ్ళాలి కదా, వెళ్ళలేదు. కుక్కల లైసెన్సుల బిల్లు పెట్టుకున్న మిత్రుడొకడు తన వంతుకు వచ్చిన తరువాతి బుధవారాన్ని సర్ ఆంబ్రోజ్‌కు దానం చేశాడు. మక్‌ఫీతోనూ రాజీ కుదిరింది. ఎస్టేటు కూలీలను పెట్టి తానే నాచు కాల్పించి ఫ్యాక్టరీకి పంపుతానని సర్ ఆంబ్రోజ్ మాట ఇవ్వడంతో, కొలిమి చల్లారదని తెలిశాక మక్‌ఫీకి డీలియా చేతులు గుర్తురాలేదు. కాన్సిడైన్ స్టేషన్‌నుంచి తిరిగొచ్చాడుగానీ, తాను నదిలో దూకబోలేదని ఐదు గంటలపాటు నిరూపించడంతో ఇన్‌స్పెక్టరు ఐర్లండు పక్షంలో చేరిపోయాడు, కాన్సిడైన్ గొంతు మాత్రం పూర్తిగా పోయింది. మాలకీకి అన్నం సయించలేదు. అక్కను తానే వీధిలోకి నెట్టినట్టనిపించేది. కళ్ళు మూసుకుంటే నలభై ఇళ్ళ పొయ్యిలు ఆరిపోయి కనిపించేవి. జవాబు రాయడానికి మూడుసార్లు కూర్చుని, ఒరే మాలకీ అన్న పిలుపు గుర్తొచ్చి, మూడుసార్లూ కలం కింద పెట్టేశాడు.

అయితే అతనికి తెలియనిది ఒకటుంది. ఆ వారమంతా లండన్‌లో ఏ క్లబ్బులో చూసినా, ఏ విందులో చూసినా, సర్ ఆంబ్రోజ్ కనబడగానే మాటలు ఆగిపోయేవి. కాసేపయ్యాక ఎవరో ఒకరు, పోయిన వేసవిలో ఏం జరిగిందండీ అని మెల్లగా అడిగేవారు. ఏమీ జరగలేదని ఆయన అన్నకొద్దీ అడిగేవాళ్ళు పెరిగారు. ఇంట్లో లేడీ క్రాల్ అసలు అడగనే లేదు. బుధవారం తాను కూడా సభకు వచ్చి, మహిళల గ్యాలరీలో కూర్చుని వింటానని మాత్రం చెప్పింది.

ఆ బుధవారం సభ ఇసుక వేస్తే రాలనట్టు నిండిపోయింది. మాలకీ కొత్త టోపీ కొనుక్కుని, దాన్ని మూల సీటు మీద పెట్టి, ఇక తప్పదన్నట్టు కూర్చున్నాడు. పక్కన హాన్రటీ, ఈసారి మాత్రం కోటు లాగితే నేనేనని నమ్మమని చెవిలో గుసగుసలాడాడు. గుమాస్తా బిల్లు పేరు చదవడానికి లేచాడు. మాలకీ జేబులోంచి ఉత్తరం రెండో కాగితం తీసి, మోకాళ్ళ మీద పరిచి, నిలువు రాత ఎటో అడ్డం రాత ఎటో చూసుకోవడానికి దాన్ని ఒకసారి ఇటూ ఒకసారి అటూ తిప్పాడు. గ్యాలరీలో విసనకర్రలు ఆగిపోయాయి.

సర్ ఆంబ్రోజ్ ఆ కాగితాన్ని చూశాడు. పైన గ్యాలరీని చూశాడు. ఆయన నుదుటి మీద ముచ్చెమటలు పోశాయి. మాలకీ ఆ ముఖాన్ని చూసి ఆశ్చర్యపోయాడు. అది అతనికి బాగా తెలిసిన ముఖం, రోజూ పొద్దున అద్దంలో కనిపించేదే.

"ఈ బిల్లు ఆరు నెలల తర్వాత చేపట్టాలని కోరుతున్నాను," అన్నాడు సర్ ఆంబ్రోజ్. ఆరు నెలల తరువాత పార్లమెంటు సమావేశాలు ఉండవు. బిల్లును తవ్విన గోతిలో పెట్టి మర్యాదగా మట్టి కప్పడానికి అక్కడివాళ్ళు అనే మాట అది. సభంతా ఉసూరుమంది. హాన్రటీ నవ్వాడు. ఆ నవ్వు చూసి మాలకీ మళ్ళీ భయపడ్డాడు.

ఇంతకీ రెండో కాగితంలో ఉన్నది ఇది. ఆ దొర వాన పడుతుంటే ఇంట్లోకి వచ్చాడు, టీ ఇస్తే తాగాడు, వెళ్ళేటప్పుడు గొడుగు మరచిపోయాడు, తలుపు వెనక భద్రంగా పెట్టాను, నీకు కనబడితే వచ్చి తీసుకెళ్ళమని చెప్పు. మాలకీ నిజాయితీపరుడు కాబట్టి ఆ మాట చెబుదామని వసారాలో సర్ ఆంబ్రోజ్‌కు ఎదురు వెళ్ళాడు. మీ సంగతి మా అక్క రాసిందండీ అనేలోగా ఆయన ఇంకో తలుపులోంచి వెళ్ళిపోయాడు.

ఆ తరువాత మూడేళ్ళపాటు మాలకీ సభలో నోరు విప్పలేదు; విప్పుతాడేమోనన్న భయంతో కారిగ్‌డూన్ పేరు ఎవరూ ఎత్తలేదు.